మూడు కత్తుల కార్డులో మనిషి లేడు

నీ ప్రశ్న నిదానంగా చదివాను తల్లీ. నాకర్థమైంది ఇది. నువ్వు ఇంటర్ ఫస్టియర్, పాలకొల్లు దగ్గర ఊరి నుంచి భీమవరం కాలేజీ బస్సులో వెళ్లొస్తావు. మీరు నలుగురు స్నేహితులు, అందులో ఒకమ్మాయి ఆన్‌లైన్‌లో టారో కార్డులు, అంటే జోస్యం చూసే బొమ్మల కార్డులు, తెప్పించింది, బస్సు వెనక సీట్లో కూర్చుని రోజూ తీస్తున్నారు. మొదట్లో అంతా ట్యూషన్‌లో నీకు నచ్చిన అబ్బాయి గురించే. నైట్ ఆఫ్ కప్స్ అనే కార్డు వచ్చిందని, అతనే వచ్చి చెబుతాడని అన్నారు, దసరా వెళ్లింది, సంక్రాంతి కూడా వెళ్లింది, అతను నోరు విప్పలేదు. తర్వాత మీ స్నేహం గురించి అడిగితే త్రీ ఆఫ్ స్వోర్డ్స్, అంటే మూడు కత్తుల కార్డు, వచ్చింది, డెక్ (కార్డుల కట్ట) ఉన్న అమ్మాయి "మనలో ఒకళ్లు వెన్నుపోటు పొడుస్తారు" అని నీ వైపు చూసింది, అప్పట్నుంచి నీ పక్కన కూర్చోవడం మానేసింది. ఆ బాధలో నువ్వొక్కదానివే ఫోన్ యాప్‌లో కార్డు తీస్తే డెత్ వచ్చింది, నిద్ర పట్టడం లేదు. ఇప్పుడు కార్డులు నిజం చెబుతాయా, సొంతంగా డెక్ కొనుక్కుని మళ్లీ అడగనా, అమ్మకు తెలిస్తే చేతబడి అనుకుంటుందేమో అని అడిగావు.

నేను చాలా ఏళ్లు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పాను, మధ్యలో కొన్నాళ్లు అమ్మాయిల హాస్టల్ కూడా చూశాను. టారో నా సరదా, తెలిసినవాళ్లకి డబ్బు తీసుకోకుండా చూస్తుంటాను. కాబట్టి "ఇదంతా మూఢనమ్మకం, పోయి చదువుకో" అని నిన్ను తోలెయ్యను. అలాగని కార్డు అబ్బాయి మనసు చదివేస్తుందని కూడా చెప్పను. చదవదు. బస్సులో ముందు సీట్లో కూర్చున్న డ్రైవర్ మనసే చదవలేదు, ఎక్కడో ట్యూషన్‌లో ఉన్న అబ్బాయి మనసేం చదువుతుంది.

ముందు ఆ మూడు కత్తుల సంగతి చూద్దాం, ఎందుకంటే నీ అసలు దెబ్బ అక్కడే తగిలింది. ఆ కార్డు బొమ్మ ఒకసారి గుర్తు తెచ్చుకో. ఎర్రటి గుండె, దాన్ని దూసుకెళ్లిన మూడు కత్తులు, వెనక మబ్బులు, వాన. అంతే. టారోలో చాలా కార్డుల మీద ఎవరో ఒకరుంటారు, రాజో, రాణో, గుర్రం మీద వెళ్లేవాడో, మంచం మీద లేచి కూర్చుని ఏడ్చేవాళ్లో. ఈ కార్డులో మనిషి లేడు, కత్తి పట్టుకున్న చెయ్యి కూడా లేదు. మనసు నొచ్చుకోవడం, ఎడబాటు, దుఃఖం అని మామూలుగా దీనికి అర్థం చెబుతారు. ఎవరికి నొచ్చింది, ఎవరివల్ల నొచ్చింది అనేది అందులో ఎక్కడా లేదు. "వెన్నుపోటు" అన్న మాట, "మనలో ఒకళ్లు" అన్న మాట, నీ వైపు తిరిగిన ఆ చూపు, ఈ మూడూ ఆ అమ్మాయివి. కార్డు వచ్చాక పుట్టినవి కూడా కావు, అంతకుముందే ఆమె మనసులో ఉండి ఉంటాయి.

హాస్టల్లో నేను గమనించింది ఇదే. పదహారేళ్ల పిల్ల తన స్నేహితురాలితో "నువ్వు వేరే సెక్షన్ అమ్మాయితో ఎక్కువ తిరుగుతున్నావు, నాకు కడుపు మండుతోంది" అని మొహం మీద అనలేదు. అంటే చులకనైపోతానని భయం. అదే కార్డు వచ్చిందనుకో, "నేననడంలేదు, కార్డు అంటోంది" అనొచ్చు. కోపం, అసూయ, అనుమానం, ఒక్కోసారి ప్రేమ కూడా, అన్నీ కార్డు చాటునుంచి బయటికొస్తాయి. అందుకే నలుగురిలో రీడింగ్, అంటే కార్డు తీసి అర్థం చెప్పడం, జరిగితే నేను కార్డు కన్నా ముందు రెండు విషయాలు చూస్తాను: ప్రశ్న ఎవరు వేశారు, అర్థం ఎవరు చెప్పారు. మీ దగ్గర రెండూ ఒకమ్మాయే చేస్తున్నట్టుంది. డెక్ ఆమెది, కలిపేది ఆమె, అర్థం చెప్పేది ఆమె, తీర్పూ ఆమెదే. ఎంత మంచి పిల్లకైనా అంత పెత్తనం చేతికిస్తే నిలవదు.

మన వైపు తీర్థాల్లో, జాతరల్లో చిలక జోస్యం చెప్పేవాళ్లు కూర్చుంటారు చూడు, కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థానికి వెళ్లినా కనబడతారు. ఆ చిలక తీసిన కాగితం చదివే మనిషికి నీ గురించి ఏమీ తెలియదు. చెప్పాల్సింది చెప్పి పది రూపాయలో ఇరవయ్యో తీసుకుని తన దారిన పోతాడు, నువ్వూ జీళ్లు కొనుక్కుని ఇంటికొచ్చేస్తావు. మీ బస్సులో అలా కాదు. చదివే పిల్లకి నీ రహస్యాలన్నీ తెలుసు, రేపు పొద్దున మళ్లీ అదే బస్సెక్కాలి. పెద్దవాళ్లు చిలక జోస్యాన్ని నవ్వి వదిలేసినట్టు స్నేహితురాలి రీడింగ్‌ని వదిలెయ్యలేం, అది ఎక్కువ గుచ్చుకుంటుంది.

కాబట్టి నువ్వు చెయ్యాల్సింది ఇంకో కార్డు తియ్యడం కాదు, ఆ అమ్మాయితో మాట్లాడటం. బస్సులో వద్దు, అక్కడ మిగతా ఇద్దరూ ప్రేక్షకులైపోతారు. వాట్సాప్‌లో అసలే వద్దు, స్క్రీన్‌షాట్ ఎక్కడెక్కడికి పోతుందో తెలియదు, మన ఊళ్లలో కాలువకి ఈ గట్టున అన్నమాట ఆ గట్టుకి చేరేసరికి పెళ్లి దాకా వెళ్తుంది. ఇద్దరే ఉన్నప్పుడు చిన్నగా అడుగు: "ఆ రోజు కార్డు వచ్చినప్పుడు నా వైపు చూశావు. నా మీద ఏదో ఉంది నీకు. అదేంటో చెప్పు, కార్డులు పక్కన పెట్టి చెప్పు." తప్పు నీదైతే ఒప్పుకో. కాకపోతే ఎందుకు కాదో చెప్పు. ఆమె ఏమీ లేదని దాటేస్తే ఓ వారం వదిలెయ్, వెంటపడకు. ఇంకోటి, మిగతా ఇద్దరినీ నీ పక్షం రమ్మనకు. ఇంటర్లో సెక్షన్లు మారినప్పుడు, ఎంపీసీ బైపీసీ విడిపోయినప్పుడు నలుగురి జట్లు ఇద్దరిద్దరవడం నేను ఏటా చూశాను, దానికి ఏ కత్తులూ అక్కర్లేదు.

ఇక అబ్బాయి. నైట్ ఆఫ్ కప్స్ అంటే తెల్ల గుర్రం మీద నెమ్మదిగా వెళ్తూ చేతిలో గిన్నె పట్టుకున్న కుర్రాడు. ప్రేమ కబురు, ఊహలు, మెత్తదనం అని చెబుతారు. కానీ పేజ్, నైట్, క్వీన్, కింగ్ బొమ్మలున్న కార్డులు వచ్చినప్పుడు అది ఎదుటి మనిషి కావచ్చు, అడిగిన మనిషే కావచ్చు, ఇది టారో చదివేవాళ్లలో బాగా తెలిసిన పద్ధతే. గిన్నె పట్టుకుని ఊహల్లో తిరుగుతున్నది అతను కాదేమో, నువ్వేనేమో? మీరెవరూ ఆ వైపు చూడలేదు, ఎందుకంటే మీకు కావాల్సిన జవాబు ముందే ఉంది. నేను పెట్టుకున్న నియమం ఒకటి చెబుతాను, డబ్బు తీసుకుని చదివేవాళ్లలో కూడా కాస్త పద్ధతున్నవాళ్లు ఇది పాటిస్తారు: ఎదురుగా లేని మనిషి మనసులో ఏముందని కార్డు తియ్యకూడదు. "అతనికి నేనంటే ఇష్టమా" అన్న ప్రశ్న వద్దు. "అతను కనబడినప్పుడు నేనెందుకు ఇంత కంగారు పడుతున్నాను", "ఇది ఎవరికీ చెప్పకుండా నాలోనే ఉంచుకుంటే నాకెలా ఉంటుంది", ఇలాంటివి అడుగు. వీటికి జవాబు చెప్పగలిగే మనిషి అక్కడే కూర్చుని ఉంది కదా.

మళ్లీ మళ్లీ అడగడం గురించి లెక్క చెబుతాను, నువ్వు సైన్స్ చదువుతున్నావో లెక్కలు చదువుతున్నావో రాయలేదు గాని ఇది ఎవరికైనా అర్థమవుతుంది. డెక్‌లో 78 కార్డులు, 22 పెద్దవి, 56 చిన్నవి. ఆ చిన్నవి పేకలోలాగే నాలుగు రకాలు: కప్స్ (గిన్నెలు), స్వోర్డ్స్ (కత్తులు), వాండ్స్ (కర్రలు), పెంటకిల్స్ (నాణేలు). చూడగానే గుండె గుభేలుమనేవి ఓ పది ఉన్నాయనుకుందాం: డెత్, డెవిల్, టవర్, మూన్, స్వోర్డ్స్‌లో 3, 8, 9, 10 నంబర్లవి, కప్స్‌లో 5వది, పెంటకిల్స్‌లో 5వది. మూడు కార్డులు తీస్తే వీటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం నూటికి 34. అలా అయిదు రోజులు తీస్తే కనీసం ఒక్కరోజైనా రావడానికి నూటికి 88 వంతులు అవకాశం ఉంది. అంటే సోమవారం నుంచి శుక్రవారం దాకా బస్సులో తీసిన నలుగురు పిల్లలకి భయపెట్టే కార్డు రాకపోతేనే వింత. ప్రేమ కార్డులూ అంతే, సంతోషం కలిగించేవి పది లెక్కేసుకుంటే అదే లెక్క. మా రోజుల్లో నోటు పుస్తకం చివరి పేజీలో ఫ్లేమ్స్ వేసుకునేవాళ్లం, పేర్లలో కలిసిన అక్షరాలు కొట్టేసి మిగిలినవి లెక్కపెట్టడం, ఎల్, అంటే లవ్, రాకపోతే ఇంటిపేరు కలిపి మళ్లీ వెయ్యడం, అప్పటికీ రాకపోతే ఆ పేరుని ఇంకో స్పెల్లింగ్‌లో రాయడం. మీరు కార్డులు మళ్లీ కలపడం అచ్చం అదే, బొమ్మలు మాత్రం అందంగా ఉన్నాయి.

అన్నట్టు, "కప్స్ కార్డులే వరసగా వస్తున్నాయి, ఇదేదో సంకేతం" అని రాశావు. సంకేతం ఏమీ లేదు, మీరు సరిగా కలపడం లేదు. కొత్త డెక్ మామూలుగా వరస ప్రకారం సర్ది వస్తుంది. 52 ముక్కల పేకని రెండు భాగాలు చేసి ముక్కల మధ్య ముక్కలు దూరేలా కలిపినా ఏడుసార్లు చేస్తే గాని బాగా కలిసినట్టు కాదని 1992లో బేయర్, డయాకోనిస్ అనే ఇద్దరు గణితవేత్తలు లెక్క తేల్చారు. మీ దగ్గరున్నవి 78, పైగా పేకముక్కల కన్నా పెద్దవి, కుదుపుల బస్సులో రెండుసార్లు అటూ ఇటూ వేసి తీస్తే పక్కపక్కవే వస్తాయి మరి.

పేక అన్నాను కాబట్టి, మీ నాయనమ్మ "ఆడపిల్ల చేతిలో పేకముక్కలేంటే" అని కేకలేసిందని రాశావు కదా, ఆవిడ చరిత్ర చదవకుండానే సరిగ్గా చెప్పింది. ఇవి నిజంగానే పేకముక్కలు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో ఆట కోసం పుట్టాయి. భవిష్యత్తు చెప్పడానికి వాడటం ఊపందుకున్నది 18వ శతాబ్దంలో, ఫ్రాన్సులో. 1781లో కూర్ ద జెబ్లాన్ అనే ఆయన ఇది ఈజిప్టు పూజారుల రహస్య జ్ఞానం అని రాసేశాడు, ఆధారమేమీ లేదు, కానీ ఆ మాట ఇప్పటికీ యూట్యూబ్‌లో తిరుగుతూనే ఉంది. మీరు వాడే బొమ్మలు 1909లో లండన్‌లో వచ్చిన డెక్‌వి, గీసింది పమేలా కోల్మన్ స్మిత్ అనే అమ్మాయి. ఇంత పనికి ఇంత తక్కువ డబ్బా అని ఆమె ఉత్తరంలో రాసుకుంది కూడా. డెక్‌కి పేరు మాత్రం అచ్చేసిన కంపెనీదీ, గీయించుకున్న వెయిట్ అనే ఆయనదీ పెట్టారు. నాకు ఇప్పటికీ ఒళ్లు మండే విషయం అది.

మరి "నాకు జరిగింది జరిగినట్టు చెప్పింది" అంటావా, అనిపిస్తుంది, కాదనను. 1948లో ఫోరర్ అనే మనస్తత్వ శాస్త్రం మాస్టారు తన క్లాసులో 39 మందికి పరీక్ష పెట్టి, మీ మీ స్వభావం ఇదీ అని తలా ఒక కాగితం ఇచ్చాడు. ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వచ్చింది. అందరికీ ఇచ్చింది ఒకే కాగితం, అందులో వాక్యాలు చాలావరకు జాతకాల పుస్తకంలోవి. రాత్రిళ్లు "మూడు గుట్టల్లో ఒకటి ఎంచుకో, అతని మనసులో ఇప్పుడేముందో చెబుతాను" అనే వీడియోలు చూస్తున్నానన్నావు, ఆ వీడియో వేలమంది చూస్తారు, వాళ్లందరి అబ్బాయిల మనసులో ఒకేసారి ఒకే మాట ఎలా ఉంటుంది? నువ్వు ఒకటి చివరిదాకా చూస్తే అలాంటివే ఇంకో పది నీ ముందుకొస్తాయి, ఆ వీడియోలో "ఈ సందేశం నిన్ను వెతుక్కుంటూ వచ్చింది" అనడానికి కారణం అదే. వాటి కింద "పర్సనల్ రీడింగ్" అని నంబరు ఇచ్చి, నీ ఫొటో, అబ్బాయి ఫొటో, పుట్టినతేదీ పంపమని, తర్వాత ఏదో దోషం ఉంది పరిహారం చేస్తామని డబ్బు అడిగేవాళ్లుంటారు. ఒక్క రూపాయి పంపకు, ఒక్క ఫొటో పంపకు. ఇప్పటికే పంపి ఉంటే, డబ్బు పోయినా, ఎవరైనా బెదిరిస్తున్నా, ఇంట్లో ఒక పెద్ద మనిషికి చెప్పి 1930కి ఫోన్ చేయండి, అది సైబర్ మోసాల నంబరు. దాచిపెట్టే కొద్దీ వాళ్లకే లాభం.

డెత్ కార్డు. తెల్ల గుర్రం మీద కవచం తొడుక్కున్న అస్థిపంజరం, చేతిలో నల్ల జెండా, జెండా మీద తెల్ల గులాబీ. కింద రాజు పడిపోయి ఉన్నాడు, చిన్నపిల్ల మోకాళ్ల మీద కూర్చుని చూస్తోంది, దూరంగా రెండు బురుజుల మధ్య సూర్యుడు. ఒక దశ అయిపోవడం, మార్పు, అని చదువుతారు దీన్ని. మనుషులు చచ్చిపోతారని చదవరు, అలా చదివేవాడు ఎవడైనా ఉంటే వాడి దగ్గర నుంచి లేచి వచ్చెయ్. యాప్‌లో అయితే చేత్తో కలపడం కూడా లేదు, 78లోంచి ఒక అంకె తీసింది, డెత్ కార్డు అంకె 13 వచ్చింది. అదే రోజు మీ కాలేజీలో ఇంకో అమ్మాయికి వచ్చి ఉంటే ఆ పిల్ల నవ్వుకుని ఉండేది. నీకు భయం పట్టుకుంది ఎందుకంటే నువ్వప్పటికే ఒంటరిగా ఉన్నావు, పక్క సీటు ఖాళీ అయింది. ఆ యాప్ తీసెయ్, కనీసం నోటిఫికేషన్లు ఆపెయ్. నిద్ర ఇంకా పట్టకపోతే, అన్నం సయించకపోతే, చదువు తలకెక్కకపోతే ఇంట్లో చెప్పు, ఇంట్లో చెప్పలేకపోతే 14416కి ఫోన్ చెయ్. మనసు బాగోలేనివాళ్లు మాట్లాడుకోవడానికి ప్రభుత్వం నడిపే టెలీ మానస్ అది, డబ్బులు పడవు, రాత్రయినా పగలైనా తీస్తారు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లల కోసం 1098 కూడా ఉంది. అక్కడ టారో అని చెప్పడానికి సిగ్గుపడకు, వాళ్లు ఇంతకన్నా చిత్రమైనవి వింటారు.

అయితే నలుగురూ మళ్లీ కలిశాక కార్డులు అసలు ముట్టుకోవద్దా అంటే, ఆడుకోండి, కానీ పద్ధతి మార్చండి. ఎవరి కార్డు వాళ్లే తియ్యాలి, ఎవరి కార్డు గురించి వాళ్లే మాట్లాడాలి, మిగతావాళ్లు నోరు కట్టుకోవాలి. "ఇందులో నాకు ఈ కుక్క కనిపించింది, నాకెందుకో మా అన్నయ్య గుర్తొచ్చాడు" ఇలా. డెక్ ఎవరిదైనా అర్థం చెప్పే హక్కు తీసిన పిల్లది. అక్కడ లేని మనిషి పేరు రాకూడదు, అబ్బాయైనా అమ్మాయైనా. రోజూ వద్దు, వారానికోసారి చాలు, ఒకసారి అడిగింది మళ్లీ అడగకూడదు. జబ్బు, చావు, పరీక్ష మార్కులు, వీటి మీద నేనైతే తియ్యను, మీరూ తియ్యకండి. మీలో ఎవరింట్లోనైనా ఇది తప్పనుకుంటే, మన వైపు చర్చికి వెళ్లే ఇళ్లలో చాలామంది దీన్ని ఒప్పుకోరు, ఆ పిల్లని కార్డు తియ్యమని బతిమాలకండి, ఆ పిల్ల ఊరికే పక్కన కూర్చున్నా స్నేహమే. ఒక నోటు పుస్తకంలో తారీఖు వేసి, ఏ కార్డు, ఏమనుకున్నాం అని రాసి పెట్టండి. రెండు నెలల తర్వాత తీసి చదువుకుంటే ఎన్ని తప్పాయో మీకే కనిపిస్తుంది. తప్పినవి ఎవరికీ గుర్తుండవు, నిజమైన ఆ ఒక్కటే గుర్తుంటుంది, అందుకే రాయమంటున్నాను.

అమ్మ విషయం. దాచితే, ఓ రోజు బ్యాగులో అస్థిపంజరం బొమ్మ దొరికితే, ఆవిడ ఏమనుకుంటుందో ఊహించగలవు కదా. ముందే నువ్వే చూపించు, డెత్ కార్డుతో మాత్రం మొదలెట్టకు, సూర్యుడి కార్డు చూపించు, పొద్దుతిరుగుడు పూలు, గుర్రం మీద పసివాడు. పెళ్లి సంబంధం కుదురుతుందో లేదో అని గుళ్లో ఎర్రపువ్వు తెల్లపువ్వు పొట్లాలు కట్టి పసిపిల్లతో తీయించడం మన ఇళ్లలో కొత్త కాదు, ఆవిడకి ఆ వాసన తెలుసు. "ఫ్రెండ్స్‌తో ఆట, దీనివల్ల గొడవైంది, అందుకే చెబుతున్నా" అను. అబ్బాయి సంగతి చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం, మీ అమ్మ ఎలాంటి మనిషో నాకు తెలియదు. ట్యూషన్లో ఒకబ్బాయి నచ్చడం నేరం కాదు, దాని గురించి ఇప్పుడు ఏదో ఒకటి చేసి తీరాలని కూడా లేదు.

సొంత డెక్ ఇప్పుడే కొనకు. ఇప్పుడు కొంటే నువ్వు ఏం అడుగుతావో నాకు తెలుసు, ఆ అమ్మాయి డెక్ తప్పు చెప్పిందని రుజువు చెయ్యడానికి తీస్తావు, వచ్చేదాకా తీస్తావు. పబ్లిక్ పరీక్షలు అయ్యాక వేసవిలో కూడా కొనాలనిపిస్తే అప్పుడు కొనుక్కో. చిన్న కార్డుల మీద కూడా చూసి చెప్పుకోగల బొమ్మలుండే 1909 రకమే తీసుకో, పాత ఫ్రెంచి రకంలో చిన్న కార్డుల మీద కత్తులు, గిన్నెలు వరసగా పేర్చి ఉంటాయి, అంతే, కొత్తవాళ్లకి ఏమీ తోచదు. డెక్‌తో వచ్చే చిన్న పుస్తకం మొదటి నెల పక్కన పడెయ్, బొమ్మలో ఏముందో, ఏం లేదో ముందు చూడటం అలవాటు చేసుకో.